మొదటి గంప మన్ను

“తప్పు నాదే సారూ. రాసుకోండి,” అన్నాడు పీర్ బాషా.

నేనింకా స్టేషన్‌లో కుర్చీలో కూర్చోనేలేదు. అడగకముందే నేరం ఒప్పుకున్నవాళ్లను నా పద్దెనిమిదేళ్ల సి.ఐ.డి. ఉద్యోగంలో ముగ్గురిని చూశాను. ముగ్గురికీ ఆ నేరంతో సంబంధం లేదు. అందువల్ల కలం జేబులోనే ఉంచి, ఆయన్ను బెంచీ మీద కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు. అరవై దాటిన తాపీ మేస్త్రీ. నలభై ఏళ్లు సున్నంలో నానిన వేళ్లు పగిలిపోయి ఉన్నాయి.

“ఏం తప్పు చేశావో చెప్పు.”

“మిద్దె మరమ్మతు నాది. అది కూలె. సారు పాయె. ఇంక చెప్పేదేముండాది?”

సారు అంటే సుంకన్న సారు. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయినప్పటి నుంచీ ఆఫీసులకు ఇళ్లు చాలక, కనిపించిన ప్రతి పాత కట్టడానికీ సున్నం కొట్టి బోర్డు తగిలిస్తున్నారు. ఊరి చివర దొర బంగళాను కూడా అట్లాగే తీసుకున్నారు. అది కట్టినప్పుడు రాసిన ఇంగ్లీషు రిజిస్టరు ఒకటి బయటపడింది. నూరేళ్ల నాటిది. అందులోని మాటలు ఇప్పటి ఇంజనీర్లకు కొరుకుడు పడలేదు. దాన్ని చదివి పెట్టమని, రిటైరై ఇంట్లో కూర్చున్న ఇంగ్లీషు మాస్టరు సుంకన్న సారును పిలిపించారు. నిన్న శుక్రవారం మధ్యాహ్నం, ఆ బంగళా వెనకగది మీది మన్ను మిద్దె కూలి, దాని కింద ఆయన శవం దొరికింది.

ఆయన నాకూ సారే. వాడుకలోంచి పోయిన మాటలంటే ఆయనకు మహా మమకారం. ఇంగ్లండులో ఇంగ్లీషువాళ్లే మరిచిపోయిన మాటలను, డోన్ పక్క పల్లెల నుంచి జొన్నరొట్టె మూట కట్టుకుని వచ్చిన మా చేత వల్లె వేయించేవాడు. మేము వెనక నవ్వుకునేవాళ్లం. అందరికంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. ఆ సంగతి ఆయనకు తెలుసో లేదో ఇక అడగడానికి లేదు.

“నిన్న పొద్దున్నుంచి చెప్పు మేస్త్రీ. గంటలతో సహా.”

“పదకొండుకు పని ఆపినాము. జుమ్మా కదా. అందరినీ పంపిచ్చినా. పదకొండున్నరకు సారు వచ్చె. చేతిలో రిజిస్టరు, మా పుస్తకము.”

“మా పుస్తకమా?”

“మా ఇద్దరిదీ సారూ. ఆయప్పకు మాట తెలుసు, వస్తువు తెలీదు. నాకు వస్తువు తెలుసు, మాట తెలీదు. ఆయప్ప రిజిస్టరులో మాట చదివి, అది ఎట్లుంటాదో చెప్తాండె. నేను బంగళా అంతా తిప్పి, ఇదిగో ఇదీ అని చూపిస్తాంటి. ఆయప్ప ఇంగ్లీషులో రాస్తే, పక్కన మన మాట మావాడు, నా కొడుకు, రాసేటోడు. జిలాని. వానికి అక్షరాలు దిద్దిచ్చింది సారే. మూడు నెల్ల నుంచి ఇదే పని. మున్నూరు మాటలు దాటినాయి.”

అంతవరకూ చెప్పి తల పక్కకు తిప్పుకున్నాడు. 

“తర్వాత?”

“పన్నెండుకు నేను మసీదుకు పోయినా. వెనకగదిలోకి పోవద్దు సారూ, ఆడ మిద్దె మీద చౌడు మన్ను కొత్తగా పోసిండాది, ఇంకా కుదురుకోలేదు అని ఒక్క మాట చెప్పింటే సరిపోయుండు. చెప్పలేదు.”

“కొత్తగా అంటే ఎప్పుడు పోశారు?”

“ఇరవై దినాలాయె. నేను ఉరుసుకని కడపకు పోయి పది దినాలుంటి. నేను లేనప్పుడు మావాడు చేసినాడు ఆ పని. ఎవరు చేసినా తప్పు మేస్త్రీదే సారూ.”

“నిన్న మసీదులో మీవాడు నీ పక్కనే ఉన్నాడా?”

“ఎప్పుడూ నా పక్కనే ఉంటాడు. నిన్న వెనక వరసలో ఉన్నట్టుండాడు.” నేను అడగని మాట ఒకటి కలిపాడు. “నిన్న శానామంది వచ్చిండ్రి.”

గుమ్మంలో బూట్ల చప్పుడైంది. సర్కిల్ ఇన్‌స్పెక్టరుగారు. కృష్ణా జిల్లా మనిషి. రాజధానితో పాటు ఈ ఊరికి వచ్చి, ఇక్కడి ఎండను, నీళ్లను, నన్నూ సమానంగా తిట్టుకుంటున్నవాడు.

“ఒప్పుకున్నాడుగా కంబగిరిగారూ. అజాగ్రత్త వల్ల ప్రాణనష్టం. సాయంత్రానికి కోర్టుకు పంపేస్తాను. సోమవారం ఆ బంగళాలో ఆఫీసు దిగాలి. మీకు ఇందులో పనేముంది?”

“సారుగారి భార్య లక్ష్మీదేవమ్మగారు అర్జీ పెట్టారు. శవంతో పాటు ఆయన పుస్తకం ఇంటికి రాలేదని.”

“మనిషే పోయాక పుస్తకం ఎందుకండీ?”

“మీరే వెళ్లి అడగండి. నాకు నోరు రాలేదు.”

ఆయన టోపీ సర్దుకుని జీపు వైపు నడిచాడు. నేను వెనక సీటులో కూర్చున్నాను. 

బంగళా గేటు దగ్గర వాచ్‌మన్ పుల్లన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నిన్న శవాన్ని మొదట చూసింది అతనే.

“సారు పదకొండున్నరకు లోపలికి పోయె సామీ. నేను పన్నెండుకు బువ్వకు పోయినా. మా ఇల్లు ఎదురుగానే. ఖజానా గంట ఒకటి కొట్టినాక శానాసేపటికి దభీమనె. ఒకటిన్నర అయుంటాది. ఉరికొచ్చి చూస్తే అంతా దుమ్ము.”

“దభీమనక ముందు చప్పుడేమన్నా అయిందా?”

“దబ్ దబ్ అని ఇనపడతానే ఉండె. పనోళ్లు అనుకుంటి.”

“జుమ్మా పొద్దు పనోళ్లు యాడుంటారప్పా?” అన్నాను.

పుల్లన్న నాలుక కరుచుకున్నాడు. “నాకు తట్టలేదు సామీ,” అన్నాడు చిన్నగా.

“ఎంతసేపు వినిపించింది?”

“బువ్వ తిని, వక్క నమిలి, ఒక కునుకు తీసేంతసేపు.”

గంటకు తక్కువ కాదు. నేను సర్కిల్‌గారి వైపు చూశాను. ఆయన చేతిగడియారానికి కీ ఇచ్చుకుంటున్నాడు.

వెనకగది నాలుగు గోడలూ నిలబడే ఉన్నాయి. మిద్దెలో సగం లేదు. శవాన్ని లాగినవాళ్లు కుప్పను ఒకవైపు కెలికారు, రెండోవైపు ముట్టుకోలేదు. పుల్లన్న చేత పార తెప్పించి, ఆ రెండోవైపు కుప్పను పైనుంచి కిందికి నిలువుగా కోశాను, జున్ను కోసినట్టు. అడుగున జానెడు మందాన తెల్లటి చౌడు. దాని మీద ఎర్రమన్ను. అన్నిటికీ పైన వేపమండలు, విరిగిన దంతెలు.

డోన్ దగ్గర మా నాయన ప్రతి యేడూ వానలకు ముందు మిద్దె మీద చౌడు పోస్తుంటే గంపలు అందించినవాణ్ణి నేను. ఆ కుప్ప చూడగానే వరస తప్పిందని తెలిసింది.

“మీవైపు పెంకుటిళ్లు కదా,” అన్నాను. “మా మిద్దె సంగతి వినండి. కింద దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కొయ్యలు, వాటి మీద మండలు, ఆపైన ఎర్రమన్ను, వాన దిగకుండా అన్నిటికంటే పైన చౌడు. మిద్దె తనంతట తాను కూలితే అదే వరసలో పడుతుంది. కట్టె అడుగున, చౌడు పైన. ఇక్కడ చౌడు అడుగున ఉంది.”

“మన్ను మన్నే. పడేటప్పుడు దొర్లి ఉంటుంది.”

“జానెడు మందాన, పరుపు పరిచినట్టు దొర్లదు. ఎవరో మిద్దెక్కి తవ్వారు. మొదట చౌడు గీకి, వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన ఆ గవాచిలోంచి లోపలికి పోశారు. తర్వాత ఎర్రమన్ను. చివర దంతెలు కోసి కిందికి తోశారు. రంపం ఆడిన చోటు ఇదిగో, కొత్త కట్టె తెల్లగా కనిపిస్తోంది.”

“ఈ మాట కోర్టులో చెబితే నవ్వుతారండీ.”

“నవ్వనివ్వండి. డాక్టరుగారి కాగితం కూడా చదువుతాను. తల వెనక ఒకటే దెబ్బ. ముక్కులో మన్ను లేదు, నోట్లో మన్ను లేదు. మన్ను మీద పడేసరికి సారుకు ఊపిరే లేదు. దానికి కూడా నవ్వుతారా?”

ఆయన నవ్వలేదు. తెలివి తక్కువవాడేం కాదు, తొందర ఎక్కువ. కాసేపు ఆ తెల్లటి పొరను చూసి, “అయితే ఆ మేస్త్రీయే తవ్వి ఉండొచ్చుగా,” అన్నాడు.

“పన్నెండు నుంచి రెండు దాకా ఆయన మసీదులో మొదటి వరసలో ఉన్నాడు. పొద్దున స్టేషనుకు వచ్చేముందే అడిగాను, ఇమాంగారు చెప్పారు, బట్టలకొట్టు సాహెబు చెప్పాడు. ఎట్లా తవ్వుతాడు?”

“మరి ఎవరు?”

“దానికి పుస్తకం కావాలి.”

శవం పక్కన రిజిస్టరు దొరికింది, పుస్తకం దొరకలేదు. రిజిస్టరు తెరిచి వెనకగది పేజీ తీశాను. ఈకకలంతో రాసిన నూరేళ్ల నాటి అక్షరాలు. కార్బెల్. పట్‌లాగ్. వెయిన్‌స్కాట్. సర్కిల్‌గారు నా భుజం మీదుగా తొంగి చూసి పెదవి విరిచాడు. ఉత్తరపు గోడ దగ్గర ఒక మాట ఉంది. ఆంబ్రీ, ఒకటి.

ఆ మాట నాకు తెలుసు. ఫోర్తు ఫారంలో అది చెప్పలేక నవ్వినందుకు యాభైసార్లు రాయించాడు సారు. గోడలోనే తొలిచి, తలుపు పెట్టిన గూడు. ఏ జన్మకు పనికొస్తుంది సారూ ఇది అని అడిగాను ఆ రోజు. ఆయన కోప్పడలేదు. నీకు పనికి రాకపోయినా, ఆ మాట ఒంటరిదైపోతుంది కదరా, పాపం, దానికి తోడుగా ఉండు అన్నాడు.

ఉత్తరపు గోడ మీద వేలితో తట్టుకుంటూ నడిచాను. సున్నం మీద సున్నం కొట్టి అంతా ఒకటే గోడలా ఉంది. మూలకు రెండడుగుల ముందు చప్పుడు మారింది. పుల్లన్న కత్తి మొనతో అంచు కదిలిస్తే చిన్న కర్ర తలుపు ఊడివచ్చింది. లోపల సారు కళ్లజోడు పెట్టె, నోటు పుస్తకం. పని చేసేటప్పుడు అక్కడ దాచుకునేవాడు కాబోలు. నేను ఆ పెట్టెను రెండు చేతులతో తీశాను.

పుస్తకంలో రెండు వరసలు. ఎడమవైపు సారు వాలు ఇంగ్లీషు. కుడివైపు గుండ్రంగా, ఒత్తి ఒత్తి రాసిన తెలుగు. జిలాని చెయ్యి అన్నమాట. చివరి పేజీలో మాత్రం అంతా సారే తెలుగులో రాశాడు. “శుక్రవారం. వెనకగది దూలాలు ఎనిమిది, ఎనిమిదీ టేకు అని రిజిస్టరు. ఇప్పుడున్నవి మూడు టేకు, ఐదు వేప. ఈ నెలలోనే మార్చారు. పీర్ బాషాకు తెలియదు, నిశ్చయం. కాంట్రాక్టరు మద్దిలేటి పన్నెండుంబావుకు వస్తానన్నాడు. అడగాలి.”

సర్కిల్‌గారు ఆ నాలుగు ముక్కలూ రెండుసార్లు చదివాడు.

“టేకు దూలాలు అమ్ముకున్నాడన్నమాట. కానీ మద్దిలేటి నిన్న ఆదోనిలో ఉన్నానన్నాడు,” అన్నాడు మెల్లగా. “ఆయనకు సాక్షులు ఉంటారు. గడ్డపార పట్టి మిద్దె తవ్వే రకం కూడా కాదు.”

“తవ్వినవాడు దొరికితే చాలు. కొట్టినవాడు తనంతట తాను దొరుకుతాడు. ముందు మేస్త్రీని పిలిపించండి. మన్ను సంగతి ఆయన నోటి నుంచి వస్తే మీకూ నమ్మకం కుదురుతుంది.”

పదకొండున్నరకు పీర్ బాషాను తెచ్చారు. కోసిన కుప్ప ముందు నిలబెట్టాను. ఆయన మొదట గది చూడలేకపోయాడు. తర్వాత కళ్లు కుప్ప మీద పడ్డాయి. వంగి, చౌడు పొరలో వేలు పెట్టాడు. ఎర్రమన్నులో పెట్టాడు. మండలు చూశాడు. అట్లాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

“ఇది కూలింది కాదు సారూ. తవ్వినారు.”

“అవును.”

“అయితే నా మిద్దె సారును సంపలేదా?”

“లేదు మేస్త్రీ. నీ మిద్దె ఎవరినీ చంపలేదు.”

ఆయన ఏడ్చాడు. నిన్నటి నుంచీ లోపల ఆపుకున్నదంతా ఆ మన్ను మీద కుమ్మరించి ఏడ్చాడు. నేను ఆపలేదు. నాకూ కళ్లు మండాయి. సర్కిల్‌గారు వెళ్లి వరండాలో నిలబడ్డాడు. ఈ ఉద్యోగంలో ఒక మనిషి గుండె మీది బండను పక్కకు దొర్లించిన సందర్భాలు నాకు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఇది ఒకటి అనుకున్నాను. అక్కడితో ఆగి ఆయన్ను ఇంటికి పంపేస్తే ఎంత బాగుండేదో. నేనే నోరు జారాను.

“పైకి రా మేస్త్రీ. ఎటునుంచి తవ్వుకుంటూ వచ్చారో చెబుదువు.”

నిచ్చెనెక్కి మిగిలిన సగం మిద్దె మీదికి వెళ్లాం. అక్కడక్కడా గడ్డపార గాట్లు, గీకిన చారలు. తూర్పు మూలన, పిట్టగోడను ఆనుకుని, ఒక గంపెడు చౌడు విడిగా పోసి ఉంది. మీద మూడు అరచేతి గుర్తులు. తడిచేత్తో తట్టినట్టున్నాయి, ఎండకు గట్టిపడ్డాయి.

నేను ఇది ఏమిటని అడిగేలోపే పీర్ బాషా అక్కడికి చేరాడు. కూర్చుని, తన అరచెయ్యిని ఆ గుర్తుల మీద, తగలకుండా, చాచి చూశాడు.  తర్వాత రెండు చేతులా ఆ మన్ను పోగుచేసి, గబగబా తోసేశాడు. అంతా కూలిన వైపు జారి, గదిలోకి పడిపోయింది.

“ఏం చేస్తాండావు మేస్త్రీ?” నా నోటికి మళ్లీ మా ఊరి మాటే వచ్చింది.

“నేను అబద్ధం చెప్పినా సారూ. నేనే తవ్వినా. సారును కొట్టింది కూడా నేనే. రాసుకోండి.”

పొద్దున కూడా ఇట్లాగే రాసుకోమన్నాడు. అప్పుడు నిజమని నమ్మి అన్నాడు. ఇప్పుడు నా మొహంలోకి చూడకుండా అంటున్నాడు.

“మొదటి వరసలో నమాజు చేసినోడివి ఎట్ల తవ్వుతావు?”

“ఎట్లనో తవ్వినా. మీకేంటికి?”

పుస్తకం నా చంకలో ఉంది. ఎందుకో చివరి నుంచి తిప్పాను. వెనక పేజీలకు సారు ఒక పేరు పెట్టాడు. “ఇంగ్లీషులో లేని మాటలు.” అక్కడ ఎడమవైపు వరస ఖాళీ. కుడివైపు ఆ గుండ్రటి చెయ్యి మాత్రమే. మూడో పేజీలో ఇట్లా ఉంది.

“మొదటి గంప. పాత మిద్దె తవ్వేటప్పుడు మొదటి గంప మన్ను కింద పోయకూడదు. తూర్పు మూలన పెట్టి, తడిచేత్తో మూడుసార్లు తట్టవలెను. ఆ మన్ను కొత్త మిద్దెలో కలిపితే పాత ఇంటి చల్లదనం పోదు. మా తాత చేసెను. మా నాయన చేయును. నేను మరిచిపోయినా నా చెయ్యి మరిచిపోదు. ఈ ఊర్లో ఇది మా నాయనకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు.”

కింద సారు ఎర్రసిరాతో “చాలా బాగా రాశావు” అని పెట్టాడు.

నేను పుస్తకం మూశాను. పీర్ బాషాకు చదువు రాదు. అయినా నేను చదివింది ఏమిటో ఆయనకు తెలిసింది. నా కాళ్ల మీద చెయ్యి వేయబోతే పట్టుకుని లేపాను.

“మూడు నెల్లు ఆయప్ప పక్కన కూర్చుని రాసినాడు సారూ. ఆయప్ప వాని చెయ్యి పట్టుకుని దిద్దిచ్చినాడు. వాడు సారును కొట్టడు. దూలాలు మార్చింటాడు, మద్దిలేటి మాట ఇని. కొట్టడు.”

“నేనూ అదే అనుకుంటాండా.”

అప్పుడే కింద వాకిట్లోంచి గొంతు వినిపించింది. “నాయనా, యాడుండావు? నిన్ను ఈడికి తెచ్చినారనిరి. సద్ది తెచ్చినా.”

పిట్టగోడ మీదుగా చూశాను. పాతికేళ్ల కుర్రాడు. చేతిలో సద్దిమూట, భుజం మీద బట్టల సంచి. గేటు బయట లారీ ఒకటి ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

“మద్దిలేటన్న బళ్ళారిలో పని చూపిచ్చినాడు. ఇప్పుడే పోతాండా. నెల దినాలు పడతాది,” అన్నాడు జిలాని పైకి చూస్తూ. ఎండకు కళ్లు చికిలించాడు. నేనెవరో అతనికి తెలియలేదు.

బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసి ఇంకా యేడాది కాలేదు. సరిహద్దు దాటితే మా వారంటు అక్కడి బల్లల మీద నిద్రపోతుంది.

“పోనీ సారూ,” అన్నాడు పీర్ బాషా నాకు మాత్రమే వినబడేట్టు. “నన్ను పెట్టుకోండి. వాన్ని పోనీండి.”

“మేస్త్రీ, సారును ఎవరు కొట్టినారో చూసిన కండ్లు ఇంక రెండే ఉండాయి. అవి నీ కొడుకువి. ఈ లారీ పంపిచ్చింది మద్దిలేటి. ఆ కండ్లను బళ్ళారి దాకా పోనిస్తాడా?”

 ఆయన పిట్టగోడ పట్టుకుని లారీ వైపు చూశాడు. నేను సర్కిల్‌గారిని పిలవొచ్చు. పుల్లన్నను కేకేసి గేటు మూయించొచ్చు. రెండూ చేయలేదు. కొడుకును నా చేతికి ఇవ్వాలో, ఆ లారీకి ఇవ్వాలో ఆ మనిషే తేల్చుకోవాలనిపించింది. అది దయో, క్రూరత్వమో ఇప్పటికీ నాకు తెలియదు.

ఇంజను చప్పుడు పెరిగింది. డ్రైవరు హారను కొట్టాడు.

“జిలానీ,” అని పిలిచాడు పీర్ బాషా. ఇంజను చప్పుడులో వినబడక, మళ్లీ పిలవాల్సి వచ్చింది. “లారీ ఎక్కొద్దు. సద్ది ఆడ పెట్టి పైకి రా. నేనుండా.”

నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే కిర్రుమన్నాయి. ముందు తలపాగా కనిపించింది, తర్వాత ముఖం. జిలాని తండ్రిని చూడలేదు, నన్నూ చూడలేదు. తూర్పు మూల వైపు చూశాడు. అక్కడ తను పెట్టిన మన్ను లేకపోయేసరికి మెట్టు మీదే ఆగిపోయాడు.